జవాబుల పేజీ లేని పాత పజిల్: నలుగురు కలిసి పూరించడం ఎలా

అటక దులుపుతుంటే పాత వారపత్రికల కట్ట దొరికిందనుకోండి. కథలు చదివేస్తారు, ప్రకటనలు చూసి నవ్వుకుంటారు, చివరికి గళ్ళ నుడికట్టు (క్రాస్‌వర్డ్ పజిల్) దగ్గర ఆగుతారు. సగం గళ్ళు ఎవరో ఎప్పుడో నింపి వదిలేశారు. మిగతా సగం మనం పూర్తి చేద్దామని కూర్చుంటే గంటకి మూడు మాటలు పడతాయి. జవాబులేమో ఆ తర్వాతి సంచికలో వేశారు. ఆ సంచిక కట్టలో లేదు.

ఇలాంటి పజిళ్ళ మీద కొన్నేళ్ళుగా నలుగురం కలిసి కుస్తీ పడుతున్నాం. మాకు తెలిసొచ్చినది ఏమిటంటే, పాత పజిల్ కష్టంగా ఉండడానికి కూర్పరి (పజిల్ కూర్చినవాడి) తెలివి సగమే కారణం. మిగతా సగం మధ్యలో గడిచిపోయిన కాలం. అప్పుడు ఇంటింటా వాడిన మాట ఇప్పుడు ఏ ఒకరిద్దరికో గుర్తుంది. ఆ ఒకరిద్దరూ ఎవరో కనిపెట్టడం, వాళ్ళని సరిగ్గా అడగడం తెలిస్తే చాలా గళ్ళు వాటంతటవే నిండుతాయి.

కింద చెప్పిన ఆధారాలన్నీ (జవాబుకి దారి చూపే క్లూలు) వివరించడానికి నేను కట్టినవే. ఏ పత్రికలోంచీ తీసుకోలేదు.

1. ముందు కాగితం సంగతి

పత్రిక మీద రాయకండి. ఫోన్‌తో ఫొటో తీసి, తెల్లకాగితం మీద గళ్ళు మళ్ళీ గీసుకోండి. గీసేటప్పుడే తప్పులు దొరుకుతాయి: నంబరు పడాల్సిన గడిలో పడలేదనో, 11 నిలువుకి ఆధారమే లేదనో. బైండింగ్‌లో ఇరుక్కుపోయిన అంచు అక్షరాలని ఊహించి రాయకండి, అక్కడ చుక్కలు పెట్టండి. మీ ఊహని మిగతావాళ్ళు అచ్చులో ఉన్న మాట అనుకుంటే అందరూ తప్పుదారి పడతారు.

పాత అచ్చుకి కాస్త కన్ను అలవాటు కావాలి. "చెఱువు"లో బండి ఱ ఉంటుంది, అరసున్నలుంటాయి, వలపలగిలక (అక్షరం తర్వాత రాసి, దానికి ముందు ర్ అని పలికే గుర్తు) ఉంటుంది. గిలక తెలియనివాళ్ళు "సప౯ము" అని అచ్చయిన సర్పముని చూసి ఇదేం మాటరా అనుకుంటారు.

ఇంకొకటి. పాతవాళ్ళు నింపిన అక్షరాలని నమ్మకండి. ఒకసారి మాకు దొరికిన పజిల్‌లో ఎవరో మహానుభావుడు ఇంకుపెన్నుతో గుండ్రటి అక్షరాలతో ఒక మాట రాశాడు. ఆ దస్తూరీ చూసి తప్పై ఉంటుందని ఎవరికీ అనుమానం రాలేదు. వారం రోజులు దాని చుట్టూ తిరిగాం. తప్పే.

2. సంచిక తేదీ చూడండి

కవరు పేజీ లేకపోతే సినిమా ప్రకటనలు చూడండి, ఏడాది సుమారుగా తెలుస్తుంది. తేదీ ఎందుకంటే, కూర్పరి ఆ వారం పేపరు చదివే ఆధారాలు రాశాడు. మన దేశంలో దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. 1964 దాకా "నయాపైసలు" అనేవారు, తర్వాత నయా పోయి పైసలే మిగిలాయి. కాబట్టి 1950ల చివరి పజిల్‌లో "కొత్తది" అన్న మాట కనిపిస్తే నయా గుర్తుకు రావాలి. అంతకు ముందుదైతే అణా, బేడ, కాణీ ముందు వరసలో నిలబడతాయి.

కొలతలూ అంతే. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. ఎనిమిది వీశెలు మణుగు. ఈ రెండు వరసలూ ఒక చీటీ మీద రాసి పక్కన పెట్టుకోండి, చాలాసార్లు పనికొస్తాయి.

3. ఆధారాన్ని రెండుగా విరవండి

గూఢమైన ఆధారంలో రెండు ముక్కలుంటాయి. ఒక ముక్క జవాబుకి అర్థం. రెండోది జవాబు అక్షరాలని ఎలా పోగు చెయ్యాలో చెప్పే తిరకాసు. రెండూ కలిపి చదివితే మూడో కథేదో వినిపిస్తుంది. మనల్ని పడేసేది ఆ మూడో కథే.

"మూగ జంతువు లోపల మూడడుగులు (2)". చివరి అంకె జవాబుకి ఎన్ని గళ్ళో చెబుతుంది. చదవగానే కుంటి కుక్కో, మూడు కాళ్ళ మేకో కళ్ళ ముందుకొస్తుంది. ఆ బొమ్మని తుడిచేయండి. "లోపల" అన్నాడు కాబట్టి "మూగ జంతువు" అన్న అక్షరాల లోపలికే చూడండి. మూ, గ, జం, తు, వు. మధ్యలో గజం ఉంది. మూడడుగులంటే గజమే. గజమంటే ఏనుగు కూడా కదా అని మీకు తడితే కూర్పరి ఎంత సంతోషించేవాడో!

అర్థం ఆధారం మొదట్లోనో, చివర్లోనో ఉంటుంది. మధ్యలో ఉండడం అరుదు. అందుకని మొదటి మాట ఒక్కదాన్నీ విడదీసి చూడండి, తర్వాత చివరి మాటని. రెండింటిలో ఏదో ఒకటి లొంగుతుంది.

4. కూర్పరి చేతివాటం

తెలుగులో గడికి ఒక అక్షరం, గుణింతమూ ఒత్తూ సహా. ఈ ఒక్క సంగతి వల్ల మన పజిల్ ఇంగ్లీషు పజిల్‌కి చాలా దూరం వచ్చేసింది. ఇంగ్లీషులో అక్షరాలు చెల్లాచెదురు చేసి కలపడం పెద్ద ఆట. మనకి అది రెండు మూడు అక్షరాల మాటల్లోనే బాగా కుదురుతుంది, కానీ తిరగేయడం మాత్రం ఎంత తవ్వినా తరగదు. పలక తిరగేస్తే కలప. పాట తిరగేస్తే టపా. "సీమ ఊరు వెనుదిరిగితే నిద్రకు చోటు (3)" అంటే కడప తిరగబడి పడక అయింది. "ఎటు చూసినా కొత్తదే (3)" అంటే నవీన. "తిరిగి", "వెనక్కి", "తలకిందులు", "అటునుంచి", నిలువు ఆధారమైతే "కిందనుంచి": ఇవి కనిపిస్తే తిప్పి చూడండి.

తల తీయడం, తోక కొయ్యడం ఇంకో ఆట. "తల పోయిన నగరం వేడెక్కింది (2)" అంటే గరం. హైదరాబాదు వాళ్ళకి వెంటనే వస్తుంది, కోస్తా వాళ్ళు కాస్త ఆగుతారు.

నాకు మాత్రం గుణింతాల ఆట అంటే ప్రాణం. గుడి, కొమ్ము, సున్నా, తలకట్టు అన్నీ మామూలు మాటలు కూడా. "బిడ్డకు సున్నా వస్తే అయ్యో! (2)" అంటే పరీక్షలో పిల్ల తప్పిందేమో అనిపిస్తుంది. పాపకి సున్నా పెట్టండి, పాపం. "కొమ్ము విరిగిన ముడిలో వరి పండుతుంది (2)" అంటే మడి. ఇలాంటివి వేరే భాషలోకి తీసుకెళ్ళలేం. గుడి కనిపించిన ప్రతిచోటా దేవుణ్ణి వెతకద్దు, ఒకసారి గుణింతం కూడా చూడండి.

సంగీతం తెలిసిన కూర్పరైతే సప్తస్వరాలు వాడతాడు. "పంచమ నిషాదాల ఉద్యోగం (2)" అంటే పని. పంచాంగం తెలిసినవాడైతే అరవై సంవత్సరాల పేర్లు, ఛందస్సు తెలిసినవాడైతే గణాలు. అంకెలకి బదులు చంద్రుడు అంటే ఒకటి, నేత్రాలంటే రెండు, వేదాలు నాలుగు, బాణాలు అయిదు, ఋతువులు ఆరు, వసువులు ఎనిమిది. సంధి కలిపేసి అక్షరాలు మాయం చేసేవాళ్ళూ ఉన్నారు: "గుంటలో ఊరు (3)" అంటే గుంటూరు. గుంటలో ట, ఊరులో ఊ కలిసి టూ అయిపోయాయి, విడివిడిగా వెతికితే దొరకవు.

5. "ము" గొడవ

పాత పజిళ్ళ దగ్గర కొత్తవాళ్ళు ఎక్కువగా తట్టుకుని పడేది ఇక్కడే. ఇప్పుడు మనం గజం, పుస్తకం, నగరం అని రాస్తాం. పాత కూర్పరికి అవి గజము, పుస్తకము, నగరము. అంటే ఒక గడి ఎక్కువ. మీకు తట్టిన జవాబు ఒక్క గడి తక్కువైతే దాన్ని కొట్టేయకండి, చివర సున్నా తీసి "ము" పెట్టి చూడండి. అదే పజిల్‌లో రెండు మూడు జవాబులు "ము"తో ముగిశాయంటే ఆ కూర్పరి పద్ధతి అదన్నమాట, మిగతావీ అలాగే ప్రయత్నించండి. కొన్ని పజిళ్ళలో ఆధారం పక్కన అక్షరాల సంఖ్య కూడా ఉండదు, గళ్ళు లెక్కపెట్టుకోవాలి.

6. ఒంటరిగా రెండు సార్లు కూర్చోండి

ఎవరినీ అడక్కముందు మీరే ఒక పూట కూర్చోండి, ఒక రాత్రి వదిలేయండి, మళ్ళీ ఒక పూట కూర్చోండి. రాత్రి వదిలేయడం ముఖ్యం. పళ్ళు తోముకుంటుంటే తట్టిన జవాబులు కూర్చుని ఆలోచించి తెచ్చినవాటి కంటే ఎక్కువ, నా లెక్కలో.

పొట్టి మాటల్ని విడిగా పట్టుకుని వేలాడకండి, ఒకదాన్నొకటి ఖండించుకునే చోట మొదలుపెట్టండి. 1 అడ్డం: "మూడు స్వరాల గొప్పతనం (3)". 1 నిలువు మనం పైన చూసిన మూగ జంతువు. అది గజం కాబట్టి 1 అడ్డం "గ"తో మొదలవుతుంది. గ, రి, మ. గరిమ. ఇప్పుడు చివరి "మ" నుంచి కిందికి 2 నిలువు: "అటు చూస్తే లక్ష్మి, ఇటు చూస్తే యంత్రం (2)". రమ, మర రెండూ సరిపోతాయి. ఆధారం ఒక్కటే చూస్తే తేలదు. కానీ పైన "మ" పడిపోయింది కాబట్టి మర.

గట్టిగా తెలిసినవి పెన్నుతో, అర్థం కుదిరి తిరకాసు కుదరనివి పెన్సిల్‌తో రాయండి. ఈ తేడా తర్వాత మీ స్నేహితులకి చాలా అవసరం.

7. ఇప్పుడు గుంపు

పదిమంది అక్కర్లేదు. నలుగురో అయిదుగురో చాలు, కానీ నలుగురూ ఒకేలాంటివాళ్ళు కాకూడదు. నలుగురూ తెలుగు ఎమ్మేలైతే నలుగురికీ ఒకే చోట ఆగుతుంది. మా గుంపులో రిటైరైన తెలుగు మాస్టారు ఒకరు, పాత సినిమాల పిచ్చి ఉన్న బ్యాంకు ఉద్యోగి ఒకరు, కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న ఇంజనీరింగ్ అమ్మాయి, నేను. పొలం పనులు తెలిసినవాళ్ళు ఒకరుంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నామో! పనిముట్ల పేర్ల దగ్గర, గొడ్ల పేర్ల దగ్గర మేం నలుగురం బొమ్మల్లా కూర్చుంటాం.

అడగడంలో ఒక పద్ధతి ఉంది. "14 అడ్డం ఎవరికైనా వచ్చిందా?" అని పంపితే ఎవరో ఒకరు జవాబు విసిరేస్తారు, ఆట అక్కడితో సరి. ఇలా పంపి చూడండి:

"14 అడ్డం: తల లేని మొసలి పన్ను. మూడు గళ్ళు. మధ్య గడిలో ర, 12 నిలువు నుంచి వచ్చింది, అది పెన్నుతో రాసిందే. పన్ను అంటే దంతం, రదనం అనుకున్నాను. మొసలి అంటే నక్రం తట్టింది, తల తీస్తే క్రం మిగిలింది. జవాబు వద్దు. దారి తప్పానా లేదా చెప్పండి చాలు."

ఇందులో ఆధారం ఉన్నదున్నట్టు ఉంది, గళ్ళ లెక్క ఉంది, దొరికిన అక్షరం ఎంత గట్టిదో ఉంది, ఎక్కడెక్కడ వెతికారో ఉంది. ఎంత సాయం కావాలో కూడా ఉంది. దానికి మాస్టారు పంపే సమాధానం ఇలా ఉంటుంది: "మొసలికి నక్రం ఒక్కటే పేరా? రాశుల్లో చూడవోయ్. పన్ను దగ్గర డాక్టరు దగ్గరికి పోకు, ఆఫీసుకి పో." రాశుల్లో మకరము. తల తీస్తే కరము. కరము అంటే పన్ను, కట్టే పన్ను. జవాబు చెప్పకుండానే చెప్పేశారు, కనిపెట్టిన సంతోషం మాత్రం నాకే వదిలేశారు.

సాయం చేసేవాళ్ళు మూడు మెట్లలో చెయ్యాలి. మొదట, అర్థం ఆధారంలో ఏ చివర ఉందో చెప్పండి. అప్పటికీ రాకపోతే తిరకాసు ఏ రకమో. ఇంకా రాకపోతే ఒక అక్షరం. జవాబు మొత్తం చెప్పాల్సి వస్తే ఆ ఒక్కరికే విడిగా పంపండి, మిగతావాళ్ళు ఇంకా ఆలోచిస్తూ ఉంటారు. మేం ఆదివారం సాయంత్రం దాకా ఎవరూ జవాబు బయటపెట్టకూడదని నియమం పెట్టుకున్నాం. బ్యాంకాయన తప్ప అందరూ పాటిస్తారు.

వయసు పెద్దవాళ్ళకే అన్నీ తెలుస్తాయనుకోకండి, ఎవరికి తెలిసేవి వాళ్ళకి తెలుస్తాయి. ఒకసారి "రెండణాలకు గుడిదీర్ఘం పెడితే చేతికి సంకెల (2)" లాంటిది ఒకటి వచ్చింది.

"బాబాయ్, రెండణాలంటే పన్నెండున్నర పైసలేగా? పైసకి గుడిదీర్ఘం పెడితే ఏమవుతుంది?" అంది అమ్మాయి.

"బేడ అంటారమ్మా. బేడకి గుడిదీర్ఘం పెట్టి చూడు," అన్నారు మాస్టారు.

"బేడీ! అయినా అలాంటి నాణెం నేనెప్పుడు చూశాను మాస్టారూ?"

అదే వారం "కాళ్ళకు చారు పోస్తే జ్వరం తెలుస్తుంది (4)" లాంటిదీ ఆమెకి తేలలేదు. వాళ్ళింట్లో డిజిటల్ థర్మామీటరు మరి, పాదరసం ఎక్కడ చూస్తుంది? కానీ స్వరాల ఆధారాలు వస్తే మాస్టారు కళ్ళజోడు సర్దుకునేలోపే ఆమె చెప్పేస్తుంది.

8. నిఘంటువు ఎప్పుడు తియ్యాలి

గుంపులో అడిగాక. ముందే తీస్తే పర్యాయపదాల అడవిలో పడి తిరకాసుని మర్చిపోతారు. తీసేటప్పుడు మాత్రం మంచివి తియ్యండి. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885 నాటిది, బ్రౌన్ నిఘంటువు 1852 నాటిది. పాత కూర్పరులు పెరిగిన భాష వీటిలో ఉంది. ఆంధ్రభారతి సైటులో ఒకేసారి చాలా నిఘంటువులు వెతకొచ్చు, మా పని సగం అక్కడే జరుగుతుంది.

అందరూ మర్చిపోయే పుస్తకం ఒకటుంది: పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామ సంగ్రహం. ఒక్కో వస్తువుకి ఉన్న అచ్చతెలుగు పేర్లన్నీ పద్యాల్లో వరసగా చెబుతాడు. చివర్లో నానార్థవర్గు ఉంది. ఒకే మాటకి రెండు మూడు అర్థాలుండే మాటలన్నీ అక్కడ దొరుకుతాయి, రెండర్థాల ఆధారాలకి అంతకన్నా ఏం కావాలి? సంస్కృత పర్యాయపదాలకి అమరకోశం ఎలాగూ ఉంది.

జవాబుల సంచిక కోసం వెతకాలనుకుంటే వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రం లాంటి చోట్ల పాత పత్రికల గురించి అడగండి. వెళ్ళేముందు ఫోన్ చేసి, సంచిక తేదీ చెప్పి, ఉందో లేదో కనుక్కోండి. నేనైతే పజిల్ పూర్తయ్యాకే వెళ్తాను. ముందే చూసేస్తే ఇంత బాధపడ్డం దేనికి?

9. తేలనివి తేలవు

ఇంగ్లీషులో జిమెనిస్ అనే కలం పేరుతో పజిళ్ళు కూర్చిన డి. ఎస్. మాక్‌నట్ 1966లో నియమాలన్నీ పుస్తకంగా రాశాడు. ఆధారంలో అర్థం ఉండాలి, తిరకాసు ఉండాలి, అనవసరమైన మాట ఒక్కటీ ఉండకూడదు. ఆ కొలబద్ద పెట్టి మన పాత పజిళ్ళని కొలవకండి. శ్రీశ్రీ, ఆరుద్ర లాంటి కవులే పజిళ్ళు కూర్చిన భాష మనది. ఎవరి పద్ధతి వారిది. కొన్ని ఆధారాల్లో తిరకాసు సగమే ఉంటుంది, కొన్నింటిలో ఒట్టి చమత్కారం తప్ప దారి ఉండదు. అలాంటిది తగిలితే "ఈయన అన్యాయం చేశాడు" అని నలుగురూ ఒప్పుకున్నాక ముందుకు పోండి.

అచ్చుతప్పు అని మాత్రం తొందరపడి తేల్చకండి. దాన్ని ఖండించే మాటలన్నీ పెన్నుతో రాసినవై, ఇద్దరు విడివిడిగా చూసి అదే మాటన్నప్పుడే ఒప్పుకోవాలి. మేం అచ్చుతప్పని కొట్టేసిన నాలుగింటిలో మూడు మా తప్పులే.

పూర్తయిన పజిల్‌కి ఒక నోటుబుక్కు పెట్టండి. జవాబు ఒక్కటే రాస్తే ఆరు నెలల తర్వాత మీకే అర్థం కాదు. పక్కన అది ఎలా వచ్చిందో ఒక వాక్యం, ఎవరు కనిపెట్టారో ఒక పేరు రాయండి. ఎవరూ ఒప్పుకోని జవాబు చుట్టూ చుక్కల గీత గీయండి.

మా నోటుబుక్కులో ఒక పజిల్‌లో 17 నిలువు ఇంకా ఖాళీగా ఉంది. ఆధారంలో మొదటి సగం చెదపురుగు తినేసింది, మిగిలింది "కొమ్ము విరిగితే పెళ్ళి" అన్న మూడు మాటలే. నాలుగు గళ్ళు, రెండోది "రి". మాస్టారు ప్రతి ఆదివారం ఒక కొత్త మాట తెస్తారు, మేం లెక్కపెట్టి చూసి ఒక గడి ఎక్కువో తక్కువో ఉందని చెబుతాం.